రాజుకు దారి ఇచ్చే ఆట

అందరూ బాగున్నారా... సత్తెమ్మక్కా, మోకాళ్ల నొప్పి తగ్గిందా? జగిత్యాల లలితా, షుగర్ గోళీ వేళకు వేసుకుంటున్నావా? దుబాయ్‌లో ఉన్న పిల్లలూ, ఎండన పడి తిరగకండి, నీళ్లు తాగండి. కోరుట్ల విజయా, నీ బీపీ ఎంతుందో చెప్పనే లేదు... నాకు అదే దిగులు. నేను బాగానే ఉన్నాను. నేను చెబుతుంటే ఫోనే రాసుకుంటోంది, తప్పులుంటే సర్దుకోండి.

మా చిన్నప్పుడు... ఏడాదికొకసారి జగిత్యాలలో ఒక బడి హాల్లో చదరంగం పోటీలు పెట్టేవారు. సిరిసిల్ల నుంచి మా నాయన పోయేవాడు. మగ్గం నేసే మనిషి, ఆ ఒక్కరోజు మాత్రం మగ్గం ఆపేవాడు. వెంట నన్ను పంపేది మా అమ్మ. ఆటకు కాదు... చిన్నపిల్ల పక్కన ఉంటే బస్సు చెకింగులో పోలీసులు మనిషిని కిందికి దింపరని ఆమె నమ్మకం. నక్సలైట్ల కాలం అది. పొద్దు గూకేలోపు ఇంట్లో ఉండాలి.

కోరుట్ల నుంచి రాజేశం మామ వచ్చేవాడు. సైకిల్ షాపు ఆయనది. నాయనకు ప్రాణస్నేహితుడు, వరసకు బావా బావా అనుకునేవారు. ఆయన బిడ్డ విజయ, నేను ఒక ఈడువాళ్లం. పండుగలకు వాళ్లు మా ఇంటికి, మేము వాళ్లింటికి... పెద్దవాళ్లు అరుగు మీద చదరంగం, మేము కింద అచ్చనగాయలు.

పోటీలో అందరూ అందరితో ఆడాలి కదా, వీళ్లిద్దరూ ఎదురుపడక తప్పేది కాదు. అందుకే ముందే మాట అనుకునేవారు.

"మనిద్దరి నడుమ గెలుసుడేంది బావా? సమానం జేస్కోని చాయ్ తాగుదాం పా" అనేవాడు నాయన.

"ఓడిపోతనని భయమైతుందని జెప్పరాదు" అని నవ్వేవాడు మామ.

నాలుగు బంట్లు జరిపి చేతులు కలిపేవారు. తర్వాత బయట చాయ్ హోటల్‌లో ఒకటే ముచ్చట్లు...

అట్లా ఉండగా విజయ వాళ్ల అన్న, కాలేజీ చదివే పిల్లవాడు, అడవిలోకి పోయి నక్సలైట్లలో కలిశాడు. అంతే... ఆ ఇంటి చుట్టూ పోలీసుల కళ్లు. ఎవరు గడప తొక్కినా పేరేంది, ఊరేంది, ఏం పనిమీద వచ్చినవ్ అని అడిగేవారు. అడిగించుకున్నవాళ్లలో కొందరు ఆ రోజు ఇంటికి రాలేదని కూడా విన్నాం. మా అమ్మ నాయన చేత ఒట్టు వేయించుకుంది, కోరుట్ల పోవద్దని. మామ కూడా మా ఇంటికి రావడం మానేశాడు, మా మంచికే. విజయ ఎట్లా ఉందో నాకు తెలిసే దారి లేదు.

ఆ ఏడు పోటీకి ఇద్దరూ వచ్చారు. ఎదురెదురు కూర్చున్నారు. నేను కిటికీ దగ్గర రొట్టెల మూట ఒళ్లో పెట్టుకుని చేతులు కలుపుతారని చూస్తున్నాను.

కలపలేదు...

అప్పుడు నాకు తెలియలేదు. ఇద్దరూ చాయ్ హోటల్‌లో కలిసి కూర్చుంటే చూసేవాళ్లుంటారు. ఇక్కడ ఎవరూ ఏమీ అనరు, ఆట కదా. ఆ బల్ల ఒక్కటే వాళ్లకు మిగిలింది. హాల్లో మాట్లాడకూడదు. అయినా నాయన తల వంచుకుని మెల్లగా అడిగాడు, "పోరని జాడ ఏమన్న తెల్సిందా బావా?"

మామ గుర్రాన్ని తీసి పెట్టాడు.

పొద్దు వాలుతోంది. కిటికీలో ఎండ గోడ మీదికి ఎక్కింది. బస్సు పోతే ఎట్లా? పోయి నాయన చొక్కా పట్టి గుంజాను. "నాయినా, బస్సు పోతది."

"జరంత ఆగు బిడ్డా" అన్నాడు, కళ్లు పైకెత్తకుండానే.

చివరికి నాయనకు మూలన రాజు, కదలలేని ఒక్క బంటు మిగిలాయి. మామకు మంత్రి ఉంది. గెలవాలంటే ఎప్పుడో గెలవచ్చు. మా ఇళ్లల్లో ఒక పద్ధతి ఉండేది. షా, అంటే చెక్, చెప్పకుండా ఎదుటివాడి రాజును కదలకుండా మూసేస్తే ఆట అయిపోదు. మూసినవాడే ఎత్తు వెనక్కి తీసుకుని దారి ఇవ్వాలి. అట్లా మూస్తూ, ఇస్తూ ఎంతసేపైనా ఆడవచ్చు. పోటీల్లో ఎప్పుడూ అంతదాకా ఆడినవాళ్లు కాదు వాళ్లు. మామ మంత్రిని తెచ్చి రాజు దారి మూశాడు. వెంటనే వెనక్కి తీయబోయాడు.

పోటీ నడిపే సారు చేయి అడ్డం పెట్టాడు. "అయిపోయింది. షా లేదు, కదలటందుకు జాగ లేదు. సమానం. లేవుండ్రి."

"గట్లెట్ల సార్? దారిస్తడు గదా!" అన్నాడు నాయన.

"గది మీ ఇంటికాడ. ఈడ గంతే."

వెనుక ఎవరో నవ్వారు. "ఏడాదేడాది సమానమే గదనే మీది! ఇగ లొల్లి ఏంది?"

అనుకున్నట్టే సమానమైంది. ఇద్దరూ లేవలేదు... ఆ బల్లను అట్లాగే చూస్తూ కూర్చున్నారు. తర్వాత మామ నా తల మీద చేయి పెట్టి, "విజయ నిన్ను యాది జేస్తది బిడ్డా" అని వేరే దర్వాజ నుంచి పోయాడు. మాకు బస్సు దొరికింది.

మరుసటి ఏడు పోటీలు పెట్టలేదు. నలుగురు ఒకచోట కూడితేనే అనుమానించే రోజులు. వాళ్లిద్దరూ మళ్లీ ఎదురెదురు కూర్చోలేదు. ఇప్పుడు ఇద్దరూ లేరు...

ఇప్పుడు రోడ్లు మంచిగయ్యాయి, ఎంత రాత్రైనా బస్సులున్నాయి, ఎవరూ పేరు అడగరు. ఎవరింటికీ ఎవరూ పోవడమూ లేదు. నేనైతే నాయన చదరంగం బల్ల పరుచుకుని రెండు వైపులా నేనే ఆడుకుంటాను. మీ ఇళ్లల్లో ఇట్లాంటి ఆటలు, ఇట్లాంటి స్నేహితులు ఉండేవారా? రాయండి, అన్నీ చదువుతాను.

విజయా, పోయిన వారం నా ఫోటో కింద "మీరు ఫలానా ఆయన బిడ్డేనా?" అని అడిగింది నువ్వేనని తెలిసినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. మీ ఇంటికి బల్ల తెస్తున్నాను. ఆట రాకపోతే నేర్పుతాను. మన ఇంటి పద్ధతే... రాజు ఇరుక్కుంటే దారి ఇవ్వాలి. తిరుగు బస్సు ఎప్పుడని మాత్రం అడగకు.

వచ్చే మంగళవారం, పొద్దటి బస్సుకు.