కాంతమ్మ ఏం చేసింది, కాంతమ్మ ఎవరు

నోటికి మాటను, ఆ మాటకు వినే చెవిని ఇచ్చిన దేవునికి ముందుగా స్తోత్రం.

మొన్న శుక్రవారం, అంటే ఇక్కడ కువైట్‌లో సెలవురోజున, ఆరాధన అయ్యాక, మా సంఘంలో నాటికలు రాసే సోదరి ఒకరు అడిగారు: "కల్పించిన కథలో జరిగేది ముఖ్యమా, మనుషులు ముఖ్యమా?" నాకు రెడ్డెమ్మ గుర్తొచ్చింది.

కువైట్‌లో జనం మాస్కులు తీసేసిన ఏడాది అది. మిర్కాబ్‌లోని ఒక క్లినిక్కులో నేను స్పీచ్ థెరపిస్టుని. పక్షవాతంతో మాట, జ్ఞాపకం దెబ్బతిన్నవారికి వాటిని మళ్లీ అలవాటు చేయించడం నా పని.

సబా అల్ సలేం నుంచి ఒక కువైటీ ఇంటావిడ తన పనిమనిషి రెడ్డెమ్మను తీసుకొచ్చింది. మంచాన పడ్డ ఆవిడ తల్లిని ఏళ్ల తరబడి చూసుకున్నది రెడ్డెమ్మే. రెడ్డెమ్మకు స్ట్రోక్ వచ్చాక మాట పోలేదు గానీ, జరిగినవి గుర్తుండడం లేదు.

"అమ్మకు మాత్ర వేసింది మరచిపోయి మళ్లీ వేస్తే?" ఇదీ ఇంటావిడ భయం. కోలుకోకపోతే రెడ్డెమ్మను ఇండియా పంపేస్తారు.

"నేను పోతే ఆ పెద్దామె ఎవురి చేత్తో తింటాది పాపా?" అంది రెడ్డెమ్మ.

మా పరీక్షల్లో 'స్టోరీ రీటెల్' అని ఒకటుంది. చిన్న కథ చెప్పి, దాన్ని తిరిగి చెప్పించుకోవడం. నేనే ఒకటి కల్పించాను. కాంతమ్మ మేకకు జబ్బు చేస్తుంది. కండక్టరు బస్సెక్కనివ్వడు. వానలో నడిచి పశువుల డాక్టరు దగ్గరికి చేరుతుంది. అంతే.

"రెడ్డెమ్మగారూ, కాంతమ్మ ఏం చేసింది?"

"గారూ గీరూ ఏంది పాపా, పెండ్లికి పిల్చినట్ల! ఏం జేసిందో తెల్దు. శానా మొండిది. మ్యాకను ఇడిసిపెట్టే రకం గాదు."

"బస్సెక్కిందా?"

"ఏమో. ఎక్కనీకుంటే మటుకు నాలుగు తిట్టుంటాది. నోరు జాస్తి."

నా కథలో కాంతమ్మ నోరే విప్పలేదు! నవ్వొచ్చింది. మార్కులు మాత్రం పడలేదు.

వారాల తరబడి బొమ్మల కార్డులతో సాధన చేయించాను. రోజూ ప్రార్థించాను. ఒకనాడు మేక నుంచి డాక్టరు దాకా వరస తప్పకుండా అప్పజెప్పింది. దేవుణ్ణి స్తుతించి, ఊరికే అడిగాను: "కాంతమ్మ ఎలాంటి మనిషి?"

"ఎవురో ఒక ఆడమనిషి. ఏం జేసిందో చెప్పమంటివి, చెప్తి. ఆయమ్మ ఎవురో నాకేం తెలుసు?"

నేను తికమకపడ్డాను. ఏది బాగుపడింది? ఏది పోయింది?

ఇంటావిడ లోపలికొచ్చి, "ఖలాస్? నయమైందా?" అంది. నేను రిపోర్టు తెరుస్తుండగానే ఆమె ఫోను మోగింది. వీడియోలో ముసలావిడ. ఎవరో తినిపించబోయిన గిన్నెను తోసేస్తోంది.

రెడ్డెమ్మ తొంగిచూసి, "ఆకలి లేక గాదు మామా, అలక. నువ్వు చెప్పకుండా వచ్చినావు. వస్తాండానని చెప్పు, తింటాది" అని తనకొచ్చిన అరబ్బీలో అంది. ఇక్కడ పనివాళ్లు యజమానురాలిని పిలిచేది 'మామా' అనే.

కూతురు అలాగే చెప్పింది. ముసలావిడ నోరు తెరిచింది.

ఫోను పెట్టేసిన కాసేపటికే రెడ్డెమ్మ బెంగగా లేచింది. "మామా, పెద్దామె తిన్న్యాదో లేదో. ఒకసారి ఫోన్ జెయ్యి."

ఇంటావిడ నావైపు చూసింది. పెద్దామె నోరు తెరవడం కళ్లారా చూసిన రెడ్డెమ్మ అప్పుడే మరచిపోయింది.

చివరికి ఇంటావిడే రెడ్డెమ్మ చెప్పులు వెతికి కాళ్ల దగ్గర పెట్టింది. "మాత్రలు నేను వేస్తాను. ఈమె అమ్మ పక్కన కూర్చుంటే చాలు. యల్లా, ఇంటికి పోదాం."

నా రిపోర్టులో ఆమె జరిగింది గుర్తుపెట్టుకోవడం, మనిషిని పోల్చుకోవడం, రెండూ రాశాను. ఏది ముఖ్యమో రాయలేదు. ఆ సోదరికీ చెప్పలేకపోయాను. జరిగింది తెలియకపోతే మాత్ర విషమవుతుంది. మనిషి తెలియకపోతే అన్నం గొంతు దిగదు. నేను నేర్చుకున్నది ఇంతే, ఇదీ సగమే.

చదివేవారలారా, నాతో కలిసి ప్రార్థించండి: ప్రభువా, మేము చేసినవన్నీ మేమే మరచిపోయే రోజు వస్తే, మేమెవరమో నీవు మరవకు. ఆమేన్.