మా అన్నకు చెప్పిన గుట్టు

ఇన్నేళ్లుగా ఒక్క మాట నా రొమ్ము మీద తిరగలి రాయిలా కూర్చుంది. అబద్ధమాడితే వాత పెడతానని మనుమలను బెదిరించే నోరు నాది. ఆ నోటితోనే ఆ మాట అన్నాను, ఆపైన బొంకాను కూడా. ఇది చదివే మీకే చెబుతున్నాను.

నిజాం పాలన చివరి రోజులు. పుట్టినూరు మంఖాల్ నుంచి శంషాబాద్‌కు కొత్తగా కాపురానికి వచ్చాను. మా ఆయన పహిల్వాన్. పొద్దున్నే తాలీంలో కుస్తీ పట్టి వస్తే, వీపు మీది ఎర్రమట్టి నేనే కడిగేదాన్ని. అట్లా కడుగుతుంటే ఒకనాడు తనే అన్నాడు.

"ఎడమచేతి వాటపోడు ఎదురొస్తే నాకు సమజ్ కాదే. కుడికి వస్తడనుకుంట, ఎడమకు గుంజుతడు. ఎవ్వలకు చెప్పకు."

తరువాత జాతర కుస్తీల్లో ఆయనకు ఎదురు జోడీగా, మా పుట్టినూరి తరఫున కుస్తీ పట్టే మా అన్నే కుదిరాడు. దానికి ముందు అన్న నన్ను చూడవచ్చి, అన్నం తింటూ నవ్వాడు.

"ఏంది చెల్లె, మా బావ గోదాల దిగితే భూమి అదురుతదట గద! పాలన్ని ఆయనకేనా, నీకు సుక్కన్న పోస్తడా?"

"నీకన్న తక్కువనే తింటడు తియ్యన్నా."

"నన్నెట్లాగు ఎత్తి పడేస్తడు. జర ఆయన దేనికి తడబడతడో చెప్పరాదు?"

"ఎడమచేతోళ్లంటే పరేషాన్ అయితడు," అన్నాను. నవ్వుతూనే అన్నాను.

ఎందుకన్నాను? పుట్టినూరు గెలవాలనా? పాలూ నెయ్యీ అన్నీ ఆయన ఒంటికే పోతున్నాయి, ఒక్కసారి ఓడితే ఆ సోకు వదిలి సేద్యం చూసుకుంటాడనా? లేక మొగుడి గుట్టు నాకు తెలుసునని అన్న ముందు గొప్పకు పోయానా? ఒకనాడు ఒకటి నిజమనిపిస్తుంది, మరునాడు అది కాదేమో అనిపిస్తుంది, ఇంత వయసొచ్చినా నా మనసు నాకే అంతుపట్టదు.

అన్నది కుడిచేతి వాటం. అయినా ఆనాడు గోదాలో ఎడమచేయి ముందు పెట్టాడట. మా ఆయన తికమకపడి కుడి భుజం మీద కూలాడు. ఎముక అతికింది గానీ ఆ చేయి మళ్లీ తలదాకా లేవలేదు. కుస్తీ పోయింది. నాగలీ పోయింది.

కట్టుతో పడుకుని అడిగాడు. "మీ అన్నకు ఎడమ వాటం ఎప్పటి సంది?"

"నాకేమెరుక?" అన్నాను.

మళ్లీ అడగలేదు. నమ్మాడా? తెలిసీ మింగాడా? అదీ తెలియదు.

ఆయన పోయేదాకా తలకు రుమాలు నేనే చుట్టాను. రోజూ పొద్దున నా ముందు తల వంచి నిలబడేవాడు. "మొగన్ని ఎంత మంచిగ అరుసుకుంటదో చూసి నేర్సుకోండ్రి," అని వాడకట్టులో ఆడవాళ్లు కోడళ్లకు నన్ను చూపించేవారు. నేను కాదనలేదు. ఆ మెప్పంతా తీసుకున్నాను.

క్షమించమని అడగను. అడగవలసిన మనిషి లేడు. ఆయన చేయి నా మాట వల్లే పోయింది. ఇన్నేళ్లలో ఈ ముక్క ఒంటరిగా కూడా పైకి అనలేదు. రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది.