సారవ్వ బెల్లు

సారవ్వ గురించి రాయాలంటే ముందు నా పిరికితనం ఒప్పుకోవాలి. అది దాచి ఆవిడ ధైర్యం ఒక్కటే చెబితే చెల్లదు.

రెండువేల తొమ్మిది ఆగస్టు. గోదావరిఖని బొగ్గు కంపెనీ ఆసుపత్రిలో నేను కాన్పుల వార్డు నర్సుని. నా పేరు బాలాత్రిపురసుందరి. మా నాన్న ఉద్యోగం కోసం కోస్తా నుంచి రామగుండం వచ్చాడు. ఇంత పేరు మోయడం ఇక్కడివాళ్ల వల్ల కాలేదు. దాన్ని 'బాల సిస్టరమ్మ' అని కత్తిరించింది మా వార్డు ఆయా సారవ్వే.

మనిషి బక్కపలచన, నోరు మాత్రం పెద్దది. కుళాయి దగ్గర్నుంచి పెద్ద డాక్టరు బురద బూట్ల దాకా దేన్నీ తిట్టకుండా వదిలేది కాదు. ఆవిడ భర్త రాయమల్లు బొగ్గుబాయిలో బెల్లు కొట్టేవాడు. బొగ్గు నింపే టబ్బులను తాడుతో లాగే యంత్రం పైన ఉంటుంది, టబ్బులు ఎక్కడో కింద ఉంటాయి. కేకేస్తే వినపడదు కాబట్టి బెల్లే మాట. ఒకటి కొడితే ఆపు. రెండు కొడితే లాగు. మూడు కొడితే మనుషులు ఎక్కారు, మెల్లగా లాగు. ఆ మూడు బెల్లులకి మాత్రం ఒక నియమం ఉంది. కింది నుంచి మూడు వస్తే పైవాడు తిరిగి మూడు కొట్టాలి. అంతదాకా తాడు కదలదు.

రాయమల్లుకి పక్షవాతం వచ్చి కుడిపక్కా మాటా రెండూ పడిపోయాయి. ఆయన బదులు సారవ్వకి ఆయా ఉద్యోగం వచ్చింది. ఎడమచెయ్యి మిగిలింది కదా, ఆయన మంచం పట్టె మీద బెల్లు కొట్టడం మొదలుపెట్టాడు. వద్దంటే ఒకటి, కావాలంటే రెండు. సారవ్వ డ్యూటీ దిగి వచ్చి తలుపు మీద మూడు కొడితే లోపల్నుంచి ఆయన మూడు కొట్టేవాడు. అప్పుడే ఆవిడ గడప దాటేది. పదకొండేళ్లుగా వాళ్ల కాపురం ఆ భాషలోనే నడుస్తోంది.

ఆ ఏడే స్వైన్ ఫ్లూ వచ్చింది. టీవీ పెడితే అదే గోల. కాలనీల్లో కర్రలు పట్టుకుని పందులను తరిమారు. ముక్కుకి దస్తీ కట్టనిదే బస్సెక్కేవాళ్లు కాదు. గర్భిణులకు మరీ ప్రమాదమని విన్నప్పటినుంచీ వార్డులో ఎవరు తుమ్మినా మా గుండెలు జారిపోయేవి.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున దీప వచ్చింది. తొలిచూలు, నొప్పులు మొదలయ్యాయి, నూట మూడు జ్వరం, పైగా దగ్గు. గొంతులో తీసిన నమూనా హైదరాబాదు పంపారు. జవాబు రావడానికి నాలుగైదు రోజులు పడుతుంది. వరండా చివరి గదిలో ఆ పిల్లను ఒంటరిగా పెట్టాం. తల్లినీ, భర్త కిషన్‌నీ లోపలికి రానివ్వలేదు. మేం వంతులేసుకుని వెళ్లి, జ్వరం చూసి, బిడ్డ గుండె విని, రెండు నిమిషాల్లో బయటపడేవాళ్లం. నా కొడుక్కి అప్పుడు మూడేళ్లు. ఆ సాకు నాకు బాగా పనికొచ్చింది.

పదింటికల్లా దీప సెలైన్ పీక్కుని తలుపు దగ్గరికి వచ్చేసింది. "నేను ఇంటికి పోత. ఈడ సచ్చినా ఎవ్వలకు తెల్వది," అంది. ఆ జ్వరంతో, ఆ నొప్పులతో ఇంటికి పోతే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరు. ఆ సంగతి మాకు తెలుసు. తెలిసీ ఒక్కరం దగ్గరికి వెళ్లి ఆమె చెయ్యి పట్టుకోలేదు.

వరండా తుడుస్తున్న సారవ్వ బకెట్ పక్కనపెట్టి మాస్కు అడిగింది. లోపల ఆమెతోనే ఉండిపోతే జవాబు వచ్చేదాకా ఇంటికి పోవడానికి లేదు, మంచంలో ఉన్న రాయమల్లు సంగతేమిటని నేను అడ్డుపడ్డాను. పక్కింటి పోశవ్వ బువ్వ పెడుతుందని చెప్పి, మాస్కు కట్టుకుంటూ అంది:

"మా ఇంటాయన ఇరవై ఏండ్లు లోపలున్నోళ్లను పైకి తెచ్చిండు సిస్టరమ్మా. గీ పిల్లను లోపల ఇడిసిపెట్టి పోతె, ఏం మొకం పెట్టుకొని ఆయన తలుపు కొట్టాలె?"

నేను తలుపుకి అడ్డు తప్పుకున్నాను.

లోపలికి వెళ్లి ఆవిడ చేసిన మొదటి పని, కిటికీలోంచి, బయట నిలబడ్డ కిషన్‌ని ఏ పని చేస్తావని అడగడం. బాయిలో హాలేజి మీద, అంటే ఆ తాడు లాగే యంత్రం మీదే, అన్నాడు. ఇంకేం, ఫికర్ లేదని కిటికీ మూసి, దీప మంచం దాని పక్కకి జరిపి, చేతిలో స్టీలు చెంచా పెట్టింది. నొప్పి వచ్చినప్పుడల్లా దీప కిటికీ ఊచ మీద రెండు కొట్టేది. బయటి నుంచి టిఫిన్ డబ్బా మూతతో కిషన్ రెండు కొట్టేవాడు. వానలో తడుస్తూనే నిలబడ్డాడు, ఒక్కటి కూడా పొల్లుపోనివ్వలేదు. దీప మళ్లీ ఇంటి మాట ఎత్తలేదు.

మధ్యాహ్నం డాక్టరమ్మ వెనకాల నేనూ లోపలికి వెళ్లాను. బిడ్డ తల కనిపిస్తోంది, దీపకి మాత్రం ఓపిక అయిపోయింది. ఇక నా వల్ల కాదని చెంచా వదిలేసింది. సారవ్వ ఆ చెంచా తీసి ఆమె గుప్పిట్లో పెట్టి, దాని మీద తన చెయ్యి బిగించి ఊచ మీద మూడు కొట్టింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత బయటి నుంచి మూడు.

"ఇన్నవా బిడ్డా? పైన మనిషున్నడు. ఇగ రా," అంది సారవ్వ.

ఆడపిల్ల. ఆ పిల్లకంటే ముందు ఏడ్చింది నేను.

ఐదోరోజు హైదరాబాదు నుంచి జవాబు వచ్చింది. స్వైన్ ఫ్లూ కాదు, మామూలు జ్వరమే. ఉత్తపుణ్యానికి ఐదురోజులు జైల్లో ఉన్నావని వార్డులో సారవ్వను ఆటపట్టించారు. నాకు ఒళ్లు మండి అందరి మీదా అరిచాను. జవాబు తెలిశాక ఆ గదిలో పడుకోవడానికి నేనూ సిద్ధమే. తెలియకముందు వెళ్లింది ఆవిడ ఒక్కతే. నా ముప్పై ఏళ్ల సర్వీసులో అంత పెద్దమనిషిని మళ్లీ చూడలేదు.

ఆ సాయంత్రం ఆవిడతో నేనూ వాళ్ల క్వార్టరుకి వెళ్లాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. సారవ్వ మూడు కొట్టింది. చప్పుడు లేదు. మళ్లీ మూడు కొట్టింది. లోపల్నుంచి ఒక్కటే వచ్చింది, గట్టిగా.

"అలిగిండు," అని సారవ్వ గడప బయట కూలబడింది. తోస్తే తెరుచుకునే తలుపే. తొయ్యలేదు. అక్కడినుంచే చెప్పింది:

"ఆడపిల్ల పుట్టింది. ఇద్దరిని పైకి తెచ్చిన. నువ్వు నేర్పిన బెల్లే కొట్టిన."

చాలాసేపు రేకుల మీద వాన చప్పుడే వినిపించింది. తర్వాత మంచం పట్టె మీద ఒక దెబ్బ, రెండో దెబ్బ, కాస్త ఆగి మూడోది. సారవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుని, చెప్పులు విడిచి, లోపలికి వెళ్లింది.