తెలుగు అలమారా ఖాళీ అయిన వేసవి

మా సెక్టార్ లైబ్రరీలో ఆలస్య రుసుం ఎత్తేశారన్న మెసేజ్ అపార్ట్‌మెంట్ సొసైటీ గ్రూపులో చూసినప్పుడు నేను ఆఫీసు మీటింగులో ఉన్నాను. కెమెరా ఆపేసి, చెప్పులేసుకుని, ఆరో అంతస్తుకి పరుగెత్తాను. అక్కడ మా అక్క ఉంటుంది. తోడబుట్టిన అక్క కాదు. రాజమండ్రి దగ్గరి ఊరు నుంచి వచ్చి, ఇక్కడి ఆసుపత్రుల్లో నర్సుగా పనిచేసి, కిందటేడు రిటైరైన మనిషి. సొసైటీలో అందరూ ఆవిడను ‘సిస్టర్ ఆంటీ’ అంటారు. ఆంటీ అనడం నా నోటికి రాదు. కడప నుంచి నోయిడా వచ్చి ఇన్నేళ్లయినా కొన్ని విషయాల్లో నేను మారలేదు, మారే ఉద్దేశమూ లేదు.

"అక్కా, ఫైన్ లేదంట! పుస్తకాలు తిరిగిచ్చేస్తే చాలంట. ఇంగేం భయం?" అన్నాను గుమ్మంలోనే.

ఆవిడ ముఖం చిన్నబుచ్చుకుంది. "ఇవ్వడానికి అవి నా దగ్గరుంటే కదే తల్లీ!" అంది.

అసలు సంగతి ఇదీ. ఆ లైబ్రరీలో తెలుగు పుస్తకాలకు ఒక అలమారా ఉంది. మా తెలుగువాళ్లలో అక్కడ కార్డు ఉన్నది అక్క ఒక్కదానికే. మిగతావాళ్లందరికీ అడ్రస్ ప్రూఫ్ పట్టుకెళ్లి ఫొటో అంటించడానికి బద్ధకం. వేరే అడిగేవాళ్లు లేరు గనక అక్క కార్డు మీద ఎన్నంటే అన్ని పుస్తకాలు వచ్చేవి. ఆవిడ చదివాక పక్క టవర్‌కి, అక్కణ్నుంచి చర్చిలో ఎవరికో, వాళ్ల దగ్గర్నుంచి వాళ్ల తోడికోడలికి. "మీరు చదివాక మాకివ్వండి" అనడం మనవాళ్లకు ఊరగాయ అడిగినంత సహజం. ఇక మనకున్న ఇంకో అలవాటు, పుస్తకం ఇంటికి రాగానే పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసెయ్యడం. అట్ట పడ్డాక పుస్తకం వెన్ను మీది నంబరు కనిపించదు. లోపలి ముద్రలు ఏనాడో వెలిసిపోయాయి. మూడు ఇళ్లు మారేసరికి అది లైబ్రరీ పుస్తకమని ఎవరికీ గుర్తుండదు. అక్కకు మాత్రం గుర్తుంది. జరిమానా పెరిగిన కొద్దీ సిగ్గు కూడా పెరిగి, ఆవిడ లైబ్రరీ మెట్లెక్కడం మానేసింది. లైబ్రేరియన్ మేడమ్ కూరగాయల బండి దగ్గర కనిపిస్తే రోడ్డు అవతలి వైపుకి దాటేసేది.

ఆ సాయంత్రమే నేను లైబ్రరీకి వెళ్లాను. మేడమ్ కాన్పూరు వైపు మనిషి, మాట మెత్తన. జరిమానా నిజంగానే లేదని, వేసవిలో ఆదివారం పొద్దున్నే ఎవరైనా వచ్చి పిల్లలకు తోచింది నేర్పవచ్చని చెప్పింది. తర్వాత గొంతు తగ్గించి, "ఔర్ ఏక్ బాత్ హై దీదీ" అంది. తెలుగు అలమారా వల్ల ఉపయోగం లేదని పైవాళ్లు అంటున్నారట. వేసవి అయ్యాక దాన్ని స్టోర్‌రూమ్‌లో పెట్టించి, ఆ చోట పోటీ పరీక్షల గైడ్లు పెడతారట.

నాకు ఒళ్లు మండింది. ఆ అలమారా వైపు చూశాను. సగానికి పైగా ఖాళీ. ఉపయోగం లేదంటే ఎందుకనరు, అందులో పుస్తకాలే లేకపోతే అనుకున్నాను. నా మెదడు అంతవరకే వెళ్లింది. నింపి చూపిస్తానని అక్కడే శపథం చేసుకున్నాను. ఈ ఊళ్లో మా పేటలో తెలుగు అక్షరం నలుగురికీ కనిపిస్తూ నిలబడే చోటు అదొక్కటే. దాన్ని స్టోర్‌రూమ్‌కి పోనిస్తే నా ముఖం నేను అద్దంలో చూసుకోలేను.

ఆ ఆదివారం చర్చిలో ప్రార్థన ముగిశాక అక్క లేచి నిలబడింది. "నా కార్డు మీద తెచ్చిన పుస్తకాలు మీ ఇళ్లలో ఉండిపోయాయండి. దయచేసి అట్టలు తీసి చూడండి" అని అడిగింది. అంత మందిలో ఆ మాట అనడం ఆవిడకు ఎంత కష్టమో నాకు తెలుసు. నేను ఫోన్ల మీద పడ్డాను. ఒకరింట్లో పుస్తకం వైఫై రౌటర్ కింద ఎత్తుకోసం పెట్టి ఉంది. ఇంకొకటి ఏకంగా గురుగ్రామ్ చేరింది. దానికోసం మెట్రోలో పడి వెళ్తే ఆ ఇంటావిడ, "ఇది మాదేనండీ. అట్ట కూడా మా అత్తగారే వేశారు" అని కూర్చుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు ఉంది ఆవిడ ధోరణి. "అట్ట మీ అత్తగారిదే. లోపలిది కాదు" అని నేనే విప్పాను. నంబరు చూసి ఆవిడ నాలుక కరుచుకుంది. కాఫీ ఇచ్చి పంపింది.

మే నెల వడగాలిలో రోజూ సంచి మోసుకుంటూ అలమారా నింపాం. చివరి పుస్తకం పెట్టిన రోజు అక్క కూడా నాతో వచ్చింది. మేడమ్ లేచి వచ్చి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంటే అక్క కళ్లు తుడుచుకుంది. నాకైతే ఊరేగింపు చేయించుకోవాలన్నంత గర్వం.

తానొకటి తలిస్తే దైవమొకటి తలచినట్టు, మర్నాడే పైఆఫీసరు వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను, మెచ్చుకోలు విందామని. ఆయన నిండిన అలమారాను పైనుంచి కిందికి చూసి, "ఇత్నీ కితాబే పడీ హై! కోయీ లేతా నహీ క్యా?" అన్నాడు. ఇన్ని పుస్తకాలు పడి ఉన్నాయంటే ఎవరూ తీసుకోవడం లేదన్నమాటే కదా అని ఆయన లెక్క. ఆ లెక్కలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. లైబ్రరీలో నిండుగా ఉన్న అలమారా అంటే ఎవరికీ అక్కరలేని అలమారా. పైగా గైడ్ల కోసం వచ్చే పిల్లలు నేల మీద కూర్చుని చదవడం నేను కళ్లారా చూస్తున్నాను. వాళ్ల అవసరం అబద్ధమని అనలేను.

నెల రోజుల కష్టం బూడిదలో పోసిన పన్నీరైంది. ఇంటికొచ్చి ఏడ్చాను. ఏడ్చాక కోపం వచ్చింది. కోపం వచ్చిందంటే నాకు పని దొరికినట్టే. మేడమ్‌కి ఫోన్ చేసి, ఆదివారాలు నాకొక గంట ఇవ్వమన్నాను. తెలుగు కథలు చెబుతానన్నాను.

మొదటి ఆదివారం వచ్చిన పిల్లలు కథల కోసం రాలేదు, ఏసీ కోసం వచ్చారు. నా కూతురు కూడా, నా బలవంతం మీద. వాళ్లందరికీ తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది. తెలుగు చదవడం ఒక్కరికీ రాదు. నేను అలమారాలోంచి ఒక పుస్తకం తీసి చదవడం మొదలుపెట్టాను. సంతలో తప్పిపోయిన పిల్ల, చెయ్యి పట్టుకుని తీసుకెళ్తున్న ముసలామె. దారి ఊరివైపు కాకుండా అడవివైపు తిరిగింది. అక్కడ పుస్తకం టప్పున మూసేశాను.

"ఫిర్ క్యా హువా?" తర్వాతేమైందని అందరూ ఒక్కసారే అరిచారు.

"నేను చెప్పను. మీ అమ్మతోనో నాన్నతోనో చదివించుకోండి. కార్డు చేయించుకుని తీసుకెళ్లండి. ఒకరి తర్వాత ఒకరు" అన్నాను.

ఇంటికి వెళ్లేదాకా నా కూతురు నా కొంగు వదల్లేదు. "మమ్మా, ప్లీజ్, ఆగే బతావో నా!" అంటూ తర్వాతి కథ అడుగుతూనే ఉంది. నేను నోరు విప్పలేదు. చివరికి వాళ్ల నాన్న కార్డు చేయించుకుని వచ్చాడు. హైదరాబాదులో చదువుకున్న మనిషే, తెలుగు అచ్చు చూసి పదేళ్లు దాటింది. వత్తుల దగ్గర తడబడుతూ, కూడబలుక్కుంటూ చదువుతుంటే, అది ఆయన భుజం మీద గడ్డం ఆనించి, కదలకుండా వింది. నేను వంటింట్లో గిన్నెలు కడుగుతూ విన్నాను. చప్పుడు కాకుండా కడిగాను.

ఆ వారం నా ఫోన్ మోగని పూట లేదు. "ఏంటండీ ఇది? మావాడు ప్రాణం తీస్తున్నాడు. ఆ పిల్ల ఏమైందో ఒక్క ముక్క చెప్పేయండి" అని ఒక తండ్రి ఆఫీసు క్యాబ్‌లోంచి బతిమాలాడు.

"చెప్పేది లేదు సార్. పుస్తకం తీసుకుని చదువుకోండి" అన్నాను.

"మీరు మామూలు మొండివాళ్లు కాదండీ" అన్నాడు. అది నాకు తిట్టులా వినిపించలేదు.

ప్రతి ఆదివారం వేరే పుస్తకం తీశాను, ఒక్కోసారి రెండు మూడు, ప్రతిదాన్నీ సరిగ్గా గొంతు మీద కత్తి పెట్టే చోట ఆపేశాను. పిల్లల కోసం కార్డు తీసుకున్నవాళ్లు, వచ్చిన చేత్తో తమకోసం ఒక నవల కూడా తీసుకెళ్లారు. ఈసారి అట్టలు వేసుకోమన్నాను గానీ, నంబరు పైన కూడా రాయమన్నాను. అక్క పెద్దపిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని అచ్చులు దిద్దించింది. నర్సు చేతి వరస కదా, ఒక్కడు కూడా కదలడానికి సాహసించలేదు.

బడులు తెరిచే ముందు ఆఫీసరు మళ్లీ వచ్చాడు. కథ గంట అప్పుడే ముగిసింది. ఆయన అలమారా దగ్గరికి వెళ్లాడు. అరలన్నీ ఖాళీ. "కితాబే కహా గయీ?" అన్నాడు, పుస్తకాలను ఎవరో ఎత్తుకుపోయారన్నట్టు.

మేడమ్ ఆయన ముందు నిటారుగా నిలబడి, "ఇళ్లకు వెళ్లాయి సర్. ఇంకా కావాలని అడుగుతున్నవాళ్లు అక్కడున్నారు" అని హిందీలో చెప్పి, కౌంటర్ ముందు వరసను చూపించింది. ఆయన ఆ వరసను కాసేపు చూశాడు. "ఠీక్ హై, రహనే దో" అన్నాడు, సరే ఉండనిమ్మని. గైడ్లకు, అవి చదివే పిల్లలకు కిటికీ పక్కన చోటు చేసి కొత్త బెంచీ వేయిస్తానని కూడా అన్నాడు.

అలమారా ఉండిపోయింది. నేను గాలి పీల్చుకునేలోపే వరస ముందునుంచి అక్క గొంతు వినిపించింది. తన కార్డు చేత పట్టుకుని నిలబడి ఉంది.

"అయ్యబాబోయ్, ఒక్కటంటే ఒక్కటైనా మిగల్చలేదేంటే! ఉన్నవన్నీ ఊరందరికీ పంచిపెట్టేశావు. ఇప్పుడు నేనేం చదవాలి?" అని అందరి ముందూ నన్ను దులిపేసింది. మొన్నటిదాకా ఈ మెట్లెక్కడానికి సిగ్గుపడ్డ మనిషి, ఆ కౌంటర్ ముందు నడుం మీద చెయ్యి పెట్టుకుని పుస్తకం కోసం తగువాడుతోంది.

ఎవరైనా తిరిగిచ్చేదాకా ఆగాలని, పేరు రాసుకోమంటారా అని మేడమ్ అడిగింది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"రాసుకోండి మేడమ్. మా అక్క పేరు ముందు, నాది అందరి తర్వాత" అన్నాను, వెళ్లి వరస చివర నిలబడ్డాను.