బావతో బెల్లంకొండ కోట

ఊళ్ళు చూడటానికి గైడూ, ప్యాకేజీ ఎందుకయ్యా అంటాన్నేను. బండుంది, ఫోన్లో మ్యాపుంది, అడగడానికి నోరుంది. నరసరావుపేటలో నాది టూవీలర్ మెకానిక్ షెడ్డు, శుక్రవారం సెలవు. ఆ రోజు తెల్లారగానే పక్కింటి బావ నా బండి వెనకెక్కుతాడు. జుమ్మా నమాజు వేళకి ఇంటికొచ్చేస్తాం. బావంటే చుట్టరికం కాదు. వాళ్ళు హిందువులు, ఎరువుల కొట్టుంది. మేం ముస్లిములం. చిన్నప్పట్నించీ ఒకర్నొకరం బావా అనే పిలుచుకుంటాం, వాళ్ళావిడేమో నన్ను అన్నయ్యా అంటుంది.

అట్టా చానా తిరిగాం. కోటప్పకొండ మెట్లెక్కాం. గుత్తికొండ బిలంలో గబ్బిలాల కంపుకి ముక్కులు మూసుకుని పరిగెత్తుకొచ్చాం. దుర్గిలో రాళ్ళు చెక్కే చోట బావ కూలబడి ఒక పూటంతా లేవనే లేదు. ఒకసారైతే మ్యాపుని నమ్మి పోతే సున్నపురాయి క్వారీ అంచుకి తేలాం. ఇంకో నాలుగడుగులేస్తే ఇద్దరికీ కలిపి సంతాప సభ పెట్టేవాళ్ళు. అది తల్చుకుంటే ఇప్పటికీ నవ్వొస్తది. బెల్లంకొండ కోట తల్చుకుంటే మాత్రం రాదు.

పోయిన రంజాన్ నెలలో సంగతి. నేను ఒక్కపొద్దున్నా. ఈ నెలకి ఆపుదాం బావా అన్నా. "ఎండలు ముదిరితే ఇంక వానలు పడిందాకా కొండెక్కలేం, పద" అని బావే బయల్దేరదీశాడు. కోటకి దారంటూ సరిగ్గా లేదు, అంతా కంపచెట్లు. కింద కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా ఎండుతున్నయ్. మొదట్లో బావ వెనకనించి ఏదో ఒకటి వాగుతానే ఉన్నాడు. కాసేపటికి సద్దు లేదు. తిరిగి చూస్తే చొక్కా మొత్తం తడిసిపోయి, చేతులు వణుకుతున్నయ్.

"ఏంది బావా, ఎట్టా ఉంది?"

"నువ్వు నడువ్!" అని కసిరాడు. కసిరే మనిషి కాదు.

నాలుగడుగులేసి రాయి మీద కూలబడ్డాడు. "కొట్టుకి తాళమేశావా?" అని నన్నడిగాడు. మాట ముద్దముద్దగా వస్తంది. ఆయన సంచిలో నీళ్ళ సీసా తీస్తే మూత సీలు కూడా తెగలా. వాళ్ళావిడకి ఫోన్ కొట్టా.

"చెల్లెమ్మా, బావ పొద్దున ఏం తిన్నాడు?"

"ఏం తినలా అన్నయ్యా. మీరు ఒక్కపొద్దుంటే, తను కడుపునిండా తిని మీ పక్కన నడవడానికి మొహం చెల్లదన్నాడు. షుగరు బిళ్ళ మాత్రం ఏసుకున్నాడు. ఏమైంది అన్నయ్యా?"

మళ్ళీ చేస్తానమ్మా అని పెట్టేశా. ఒళ్ళు మండిపోయింది. మా వీధిలో అదొక మర్యాద. ఒక్కపొద్దున్నోడి ఎదురుగా ఎవరూ ఏదీ నోట్లో ఏసుకోరు. టీ కొట్టాయన కూడా ఆ నెలంతా ముందర గుడ్డ కడతాడు. మంచిదే, కాదన్ను. షుగరు బిళ్ళ మింగి ఖాళీ కడుపుతో కొండెక్కడం ఏం మర్యాదయ్యా! మా అమ్మకీ షుగరే. ఒంట్లో షుగరు పడిపోతే మనిషి ఎట్టయిపోతాడో నాకు తెలుసు. వెంటనే తీపి లోపలికి పోకపోతే సోయి తప్పుద్ది, ఆ తర్వాత మనిషే దక్కకపోవచ్చు. మోసుకుని దిగుదామంటే అది మనిషిని మోసే దారి కాదు.

ఎక్కడ పొద్దుగూకినా ఒక్కపొద్దు విడవడానికని మా ఆవిడ నా సంచిలో ఖర్జూరాల పొట్లం పడేస్తది. ఒక ఖర్జూరం గింజ తీసేసి, పండు బావ నోటి దగ్గర పెట్టా. పళ్ళు బిగించి మొహం తిప్పుకున్నాడు.

"నువ్వు తినలా..." అన్నాడు.

తనెక్కడున్నాడో తనకే తెలీదు, కొట్టు తాళం గొడవలో ఉన్నాడు, ఆ ఒక్కటి మాత్రం మర్చిపోలా. తిను బావా అని బతిమాలా, గడ్డం పట్టుకున్నా, తిట్టా. ఊహూఁ. కళ్ళు వాలిపోతున్నయ్.

ఇంక లాభం లేదని ఆ ఖర్జూరం నా నోట్లో ఏసుకుని ఆయనకి కనపడేటట్టు నమిలా. సీసా మూత తిప్పి నీళ్ళు తాగా. ఊహ తెలిసిందగ్గర్నుంచీ ఒక్కపొద్దున్న రోజు పట్టపగలు నేను చెయ్యని పని అది. తొందరలో సగం నీళ్ళు గడ్డం మీదే పోయినయ్.

"చూడు, తిన్నా. ఇంక నువ్వు తిను."

అప్పుడు నోరు తెరిచాడు. ఒకటి పెట్టా, నమిలిందాకా ఆగి ఇంకోటి పెట్టా. కొంచెం కొంచెం నీళ్ళు పట్టా. తల నా భుజానికి ఆనించుకుని, అల్లా, ఈణ్ణి నాకొదిలెయ్ అని అడుగుతానే ఉన్నా. చానాసేపటికి వణుకు తగ్గింది. కళ్ళు నిలిపి నన్ను చూశాడు, నా తడి గడ్డం చూశాడు. అర్థమైనట్టుంది, బావురుమన్నాడు.

"నా మూలాన నీ ఒక్కపొద్దు చెడింది బావా. ఆ పాపం నాకే తగులుద్ది."

"నోర్ముయ్ రా! ఇది పోతే పండగ ఎల్లాక ఇంకోటుంటా. నువ్వు పోతే నిన్నెక్కణ్ణించి తెచ్చుకోవాల్రా నేను?"

కొండంతా మోగేటట్టు అరిచా. అరుస్తా అరుస్తా నేనూ ఏడ్చా. బావ పొట్లంలోంచి ఒక ఖర్జూరం తీసి, రెండు ముక్కలు చేసి, ఒకటి నా చేతిలో పెట్టాడు. నేను నోట్లో ఏసుకున్నాకే రెండో ముక్క తను తిన్నాడు.