పొయ్యిలో మండిన పింగుపాంగు బంతి

హైదరాబాదులో చదువు పేరుతో చెడిపోయానని మావాళ్ళ నమ్మకం. ఇవాళ కొత్త పింగుపాంగు బంతి పెట్టె తెరిస్తే గుప్పుమన్న కర్పూరం వాసనకు మా ఊరు ఎల్లారెడ్డి గుర్తొచ్చింది. చిన్ననాటి నేస్తాలారా, మీకూ గుర్తుందా, తహసీల్దారు గారి జనానాలో, ఆ ఆడవాళ్ళ గదుల్లో, రెండు బల్లలు కలిపి, నడుమ దుపట్టా కట్టి ఆడేవాళ్ళం? బంతి మన వైపు ఒకసారి ఎగరాలి, రెండోసారి ఎగిరేలోపు కొట్టాలి.

మాది గుడ్డు ముట్టని ఇల్లు. నా సంచిలో బంతి చూసి అవ్వ, "గుడ్డు తింటున్నవానే ఆ ఇంట్ల?" అంటూ పొయ్యిలో పడేసింది. బంతి భగ్గున మండి ఇల్లంతా కర్పూరం వాసన వేసినా గుడ్డేనంది. "ఇగ ఆ గడప తొక్కకు," అన్నాడు బాపు.

ఇప్పుడు కాలేజీ పోటీకి పేరిచ్చానని తెలిసి, "మగోళ్ళ ముంగట ఎగురుతవా? ఇంటికి రా," అని కబురంపాడు.

నేను ఊరికి పోయే కామారెడ్డి బండి ఎక్కను. పోటీలో ఆడతాను.