ఫొటోలో బస్సు బోర్డు

అన్న కనిపించాడన్న కబురు నాకు మొదట తెచ్చింది మా వదిన. నేను కందులు చెరుగుతున్నాను. వస్తూనే ఫోను నా మొహం ముందు పెట్టింది.

"సూడే, మీ అన్న! బీదర్ బస్టాండ్ల ఉన్నడంట. గడ్డమెట్ల తెల్లగైందో సూడు. నన్ను ఇడిసిపెట్టి పోతే తెల్లగ గాదా మరి!"

అన్న పనికని మా ఊరు కంగ్టి నుంచి పోయి, ఫోను కూడా ఆగిపోయి చాలా కాలమైంది. ఆ తర్వాత వదిన నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. నాకు మాత్రం ఏడుపూ రాలేదు, సంతోషమూ రాలేదు. చేట పక్కన పెట్టి లేచాను.

"జల్దీ నడువు, బస్సు పోతది," అంది. ఆమె చేతి సంచిలో అన్న చొక్కా ఒకటి ఉంది.

నారాయణఖేడ్ డిపోలో బీదర్ బస్సు కోసం కూర్చున్నప్పుడు ఫోను మళ్ళీ అడిగి తీసుకున్నాను. అన్న వెనకాల ఒక బస్సు, దానికి బోర్డు. నేను బడికి పోలేదు. బడి నుంచి వచ్చాక అన్నే ఇంట్లో బైబిలు ముందు పెట్టి నాకు అక్షరాలు నేర్పాడు. అవి వచ్చాక ఇదే డిపోకు తెచ్చి బోర్డులు చదివించేవాడు. తప్పు చదివితే "గా బస్సెక్కితే కర్ణాటకల తేల్తవ్ పో" అని ఎక్కిరించేవాడు. ఇప్పటికీ బస్సు కనబడితే బోర్డు చదవకుండా ఉండలేను.

ఈ బోర్డు చదవరాలేదు. దూరం నుంచి అక్షరాల్లాగే ఉన్నాయి. వేళ్ళతో పెద్దది చేసి చూస్తే ఒక్కటీ అక్షరంగా నిలబడలేదు. కన్నడమేమో అనుకున్నాను. బీదర్ బస్సు వచ్చాక కండక్టరుకు చూపించాను.

"కన్నడ గాదమ్మా. ఏ భాషా గాదు," అన్నాడు.

అప్పుడు అనుమానమొచ్చి, ఫొటోలో అన్న వేసుకున్న చొక్కా చూశాను. ఆ గళ్ళ చొక్కాను నేనెరుగుదును. ఎవరి కోసం ప్రార్థిస్తామో వాళ్ళ ఫొటోను మధ్యలో పెట్టుకోవడం మా ఆడవాళ్ళ కూటమిలో అలవాటు. అన్న కోసం పెట్టిన పాత ఫొటోలోనిదే ఆ చొక్కా. ఆ ఫొటోను అందరి ఫోన్లకూ పంపే కూటమి అక్కకు ఫోన్ చేశాను.

"అయ్యో చెల్లె, అది నేనే చేసిన," అంది. "గా పాత ఫొటో పెట్టి ఇప్పుడెట్లుంటడో సూపెట్టుమంటే ఫోన్ల ఏఐ తయారుచేసిచ్చింది. ప్రార్థనల కండ్ల ముందరుంటడని గ్రూపుల పెట్టిన. ఎవరో 'బీదర్ల కనవడ్డడు' అని రాసి తిప్పిన్రేమో."

ఆమె మీద కోపం రాలేదు. మేము ప్రార్థన మానేసిన రోజుల్లో కూడా ఆమె అన్న కోసం మోకరించింది. అది మరువలేను.

వదినకు చెప్పాను. మేమిద్దరం బస్సెక్కలేదు. అది కదులుతుంటే చూస్తూ అడిగింది.

"గట్లయితే గీ గడ్డం ఆయనది గాదా?"

"కాదు వదినె."

"గా ఫొటో తుడిపెయ్యకు. ఉండనీ."

బస్సు వెళ్ళిపోయింది. చొక్కా సంచిలోనే ఉంది. ఇంటికొచ్చి మిగిలిన కందులు చెరిగాను. చదువు వచ్చినందుకు ఆ రాత్రి దేవునికి వందనాలు చెప్పుకున్నాను. నోరు చెప్పింది, మనసు ఎక్కడుందో తెలియదు.

మీరు ప్రార్థన చేసేవాళ్ళయితే మా అన్నను తలుచుకోండి. ఆ ఫొటోలో ఉన్నట్టు కాదు. చెల్లెలికి బోర్డులు చదవడం నేర్పినవాడని తలుచుకోండి. అతని గడ్డం నెరిసిందో లేదో మాకు తెలియదు.